కల్చరల్ అప్రోప్రియేషన్

సంక్రాంతికి పాలకొల్లు వైపు ఊళ్లకొచ్చే మనవలకి ఇంట్లోవాళ్లు ముచ్చటపడి హరిదాసు వేషం కడుతుంటారు. నుదుట నామం, నెత్తిన ఇత్తడి పాత్ర, చేతిలో చిడతలు. ఫొటోలయ్యాక అందరూ కలిసి అరిసెలు తింటారు. ‘తాతయ్యా, ఇది కల్చరల్ అప్రోప్రియేషన్ కాదా?’ అని బయట చదువుకునే పిల్ల అడిగితే?

ఒక సమూహపు ఆనవాలును వాళ్లకంటే బలమున్నవాళ్లు అడక్కుండా, పేరైనా చెప్పకుండా వాడేసుకోవడం అని స్థూలంగా అర్థం. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా కొల్హాపురి తరహా చెప్పులు చూపించి, ఆ ఊరి పేరెత్తకపోతే గోలయింది. తర్వాత కంపెనీ ఒప్పుకోక తప్పలేదు.

అరువు తెచ్చుకున్నదల్లా దొంగసొత్తు కాదు లెండి. పక్కనున్న నరసాపురం లేసు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లికే. 2024లో దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అక్కడి పేచీ కళ ఎవరిదని కాదు, అల్లే ఆడవాళ్ల చేతికి ఎంత అందుతోందని. 1982లో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పుస్తకం రాసింది వాళ్ల గురించే.

వేషానికీ అదే కొలత. మనవడికి సరదా అయిన చిడతలు హరిదాసుకి బతుకుతెరువు. అసలాయన వచ్చినప్పుడు తలుపేసుకుని, మనవాడి ఫొటోకి లైకులు లెక్కపెట్టుకునే ఇంట్లో ఆ పిల్ల అడిగింది న్యాయమే. దోసెడు బియ్యం పోయించి, ఆ కీర్తనలేమిటో ఆయన్నే అడగమనొచ్చు. కాకపోతే ఊరు తిరగడం అయ్యేదాకా ఆగాలి: అప్పటిదాకా పాత్ర దించకూడదు, హరినామం తప్ప మాట్లాడకూడదు అన్నది ఆయన నియమం.