చిప్పుకు పీట: ఐ.సి. సాకెట్

సైకిలు ట్యూబు పగిలితే చక్రాన్నంతటినీ పారవేయము. ట్యూబును మాత్రమే మార్చుకుంటాము. ఇంట్లో దీపం మాడిపోతే హోల్డరు నుండి పాత బల్బును తీసి కొత్తదానిని బిగిస్తాము. చెడిపోవడానికి, మార్చడానికి అవకాశమున్న భాగాన్ని సులభంగా విడదీయగలిగేటట్లు అమర్చడం మానవుడు చిరకాలంగా పాటిస్తున్న సూత్రం. ఎలక్ట్రానిక్స్ రంగంలో ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ ఐ.సి. సాకెట్. మన దుకాణాలలో దీనిని 'ఐ.సి. బేస్' అని కూడా అంటారు. చిప్పు కూర్చోవడానికి వేసిన పీట వంటిది ఇది.

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ సంస్థలకు, విద్యార్థుల వసతి గృహాలకు పేరు పొందింది. ఎల్.బి. నగర్ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళితే అనేక ఇంజనీరింగు కళాశాలలు కనిపిస్తాయి. ఈ ప్రాంతాల విద్యార్థులు ప్రాజెక్టులకు కావలసిన విడిభాగాల కోసం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళుతుంటారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట - ఎల్.బి. నగర్ మెట్రో మార్గం ప్రారంభమైన తరువాత ఈ ప్రయాణం సులువైంది. అక్కడ కొనే వస్తువులలో సాకెట్ అతి చౌకైన వాటిలో ఒకటి. అయినా అది తనకంటే ఎన్నో రెట్లు ఖరీదైన చిప్పును, దానికంటే విలువైన విద్యార్థి శ్రమను కాపాడుతుంది.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. ఇంటెల్ సంస్థ 1980లో విడుదల చేసిన 8051 వీటిలో సుప్రసిద్ధమైనది. దానికి రెండు వరుసలలో 40 కాళ్లు ఉంటాయి. రెండు వరుసల కాళ్లు గల ఈ ఆకృతి 1964లో అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ సంస్థలో రూపుదిద్దుకున్నది. ఒక కాలికి, పక్క కాలికి మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. ఈ కొలత స్థిరంగా ఉండడం వల్లనే ఒక సంస్థ చేసిన చిప్పు మరొక సంస్థ చేసిన సాకెట్‌లో ఇముడుతుంది.

చిప్పును నేరుగా బోర్డుకు టంకం వేస్తే కలిగే ఇబ్బంది ఏమిటి? దానిని తీయవలసి వచ్చినప్పుడు 40 కాళ్ల వద్దనున్న టంకాన్ని కరిగించి తొలగించాలి. అంతసేపు వేడి తగిలితే బోర్డు మీది సన్నని రాగి గీతలు పైకి లేచిపోతాయి. చిప్పు చెడినందుకు బోర్డు కూడా చెడుతుంది. సాకెట్ ఉంటే టంకపు వేడి సాకెట్‌కే తగులుతుంది. బోర్డు చల్లారిన తరువాత చిప్పును అందులో నొక్కితే చాలు.

మరొక అవసరం ప్రోగ్రామును మార్చడం. పూర్వం 8751 అనే చిప్పుకు పైన గాజు కిటికీ వంటిది ఉండేది. పాత ప్రోగ్రామును చెరపడానికి దానిపై అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసేవారు. తరువాత వచ్చిన 89సి51 చిప్పును విద్యుత్తుతోనే చెరిపి, సుమారు వేయిసార్లు తిరిగి వ్రాయవచ్చు. కాని వ్రాసిన ప్రతిసారీ దానిని బోర్డు నుండి తీసి ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టాలి. అందువల్ల 89సి51తో ప్రాజెక్టు చేసే విద్యార్థికి సాకెట్ తప్పనిసరి.

సాకెట్‌ను వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. చిప్పుకు ఒక చివర అర్ధచంద్రాకారపు గంటు ఉంటుంది. సాకెట్‌కు కూడా ఉంటుంది. రెండు గంట్లూ ఒకే వైపు ఉండాలి. 8051లో 40వ కాలికి 5 వోల్టుల విద్యుత్తు, 20వ కాలికి గ్రౌండు చేరాలి. చిప్పును తిరగవేసి పెడితే 40వ కాలు ఉండవలసిన చోటికి 20వ కాలు వస్తుంది. విద్యుత్తు ఎదురు దిశలో ప్రవేశించి, చిప్పు వేడెక్కి పాడవుతుంది. కనుక మొదట ఖాళీ సాకెట్‌లోనే ఆ రెండు స్థానాల మధ్య మల్టీమీటరుతో వోల్టేజిని కొలవాలి. సరిగా ఉంటే విద్యుత్తును ఆపి, అప్పుడు చిప్పును పెట్టాలి. తీసేటప్పుడు ఒకే వైపు నుండి పెకలిస్తే కాళ్లు వంగిపోతాయి. సన్నని స్క్రూడ్రైవరుతో రెండు చివరలనూ కొంచెం కొంచెంగా పైకి లేపాలి.

మామూలు సాకెట్‌లో పలుచని లోహపు రేకులు చిప్పు కాళ్లను పట్టి ఉంచుతాయి. పదేపదే తీసి పెడితే ఆ పట్టు సడలుతుంది. గుండ్రని రంధ్రాలు గల సాకెట్ ధర ఎక్కువైనా గట్టిగా పట్టుకుంటుంది. తరచుగా చిప్పులను మార్చే ప్రోగ్రామర్లలో చిన్న మీట గల సాకెట్ ఉంటుంది. మీటను ఎత్తితే పట్టు వదులుతుంది, దించితే బిగుస్తుంది.

సాకెట్‌కు పరిమితులు లేకపోలేదు. కుదుపులకు చిప్పు కదలవచ్చు; తేమ వల్ల లోహానికి చిలుము పట్టి విద్యుత్ ప్రవాహానికి అంతరాయం కలగవచ్చు. అందుకే నిరంతరం కుదుపులకు లోనయ్యే వాహనాల వంటి వాటిలో చిప్పులను సాధారణంగా నేరుగా టంకం వేస్తారు. 89ఎస్52 వంటి చిప్పులకు బోర్డు మీద ఉండగానే కొన్ని తీగల ద్వారా ప్రోగ్రామును ఎక్కించవచ్చు. అందువల్ల ప్రోగ్రాము కోసం చిప్పును తీసే అవసరం తగ్గింది. అయినప్పటికీ 2010లో వచ్చిన ఆర్డుయినో ఊనో బోర్డులో 28 కాళ్ల అట్మెగా 328 చిప్పును సాకెట్‌లోనే అమర్చారు. పొరపాటున చిప్పు కాలిపోయినా బోర్డు మిగులుతుంది.

నేర్చుకునేవాడు పొరపాట్లు చేయక తప్పదు. ఆ పొరపాటుకు మొత్తం పరికరం బలికాకుండా ముందుగానే ఏర్పాటు చేసుకోవడం వివేకం. విద్యార్థి చేతిలోని చిన్న సాకెట్ ఆ వివేకాన్ని ఆచరణలో చూపుతుంది.