మీకు తెలుసా? ఇంజన్‌కీ ఊపిరాడాలి!

కారు ఆగే ఉంది. ఇంజన్ మాత్రం ఆన్‌లో ఉంది. అప్పుడు లోపల నిమిషానికి ఎన్ని పేలుళ్లో తెలుసా? నాలుగు సిలిండర్ల ఇంజన్ 800 చుట్లు తిరిగితే 1,600 పేలుళ్లు! ప్రతిసారీ కాస్త గ్యాస్ పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. షెడ్లలో 'బ్యాక్ కంప్రెషన్' అంటారే, అదే ఇది! షోరూమ్ నుంచి నిన్న వచ్చిన బండిలోనూ ఉంటుంది!

ఇది వినండి! 1 లీటరు పెట్రోలు కాలితే దాదాపు అంతే నీరు పుడుతుంది! చాలావరకు ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంచెం ఆయిల్‌లోకి దిగుతుంది. నిడదవోలు స్టేషన్‌లో చుట్టాన్ని దింపి వెంటనే ఇంటికొచ్చేశారనుకోండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కనే లేదు! నీరు లోపలే ఉండిపోయింది! ఓసారి ఆయిల్ మూత తిప్పి వెనకవైపు చూడండి. మీగడలా తెల్లటి జిగురు కనిపించిందా? ఆ నీరే! కంగారొద్దు. కొవ్వూరు వంతెన మీదుగా రాజమండ్రి దాకా వెళ్లి రండి, చాలావరకు పోతుంది. కూలెంట్ కూడా తగ్గుతోందా? అప్పుడు మాత్రం మెకానిక్ దగ్గరికే!

ఒకప్పుడు క్రాంక్‌కేస్‌లోకి జారిన గ్యాస్‌ని ఓ పైపుతో నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు! దాన్ని మళ్లీ ఇంజన్‌కే తాగించి కాల్చేయాలని కాలిఫోర్నియా 1961లో తేల్చి చెప్పింది. అమెరికాలో కార్ల కాలుష్యానికి వేసిన మొట్టమొదటి కళ్లెం అదే! ఆ పని చేసేది పీసీవీ వాల్వ్ అనే చిన్న ముక్క. ఎంత చిన్నదో చూస్తే నమ్మలేరు!

ఈ వాల్వ్ తీరే వేరు! ఐడిల్‌లో ఇంజన్ గట్టిగా పీలుస్తుంది. ఇంటేక్ మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలిలో దాదాపు 3వ వంతుకి పడిపోతుంది! అప్పుడు వాల్వ్ బాగా తెరుచుకుంటుందనుకున్నారా? కాదు, సన్నబడుతుంది! యాక్సిలరేటర్ తొక్కి పీల్పు తగ్గినప్పుడే వెడల్పవుతుంది! లోపల ఉన్నదల్లా ఓ స్ప్రింగు, ఓ చిన్న పిన్ను!

మరి అది మూసుకుపోతే? గ్యాస్ ఊరుకోదు! సీళ్లను తోసుకుని ఆయిల్‌ని బయటికి కక్కిస్తుంది. డిప్‌స్టిక్ పైకి లేస్తుంది. చూసినవాళ్లు "బండి బోరుకొచ్చింది" అనేస్తారు! ఆగండి! ముందు 1 కాగితం ముక్క తీసుకోండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పెట్టండి. చొక్కా జాగ్రత్త, ఆయిల్ చిందుతుంది! కాసేపటికి కాగితం అంటుకుంటే మంచిదే. ఎగిరిపోతే, వాల్వో పైపో మూసుకుపోయి ఉండొచ్చు. చాలా బండ్లలో వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపి చూడొచ్చు. టిక్ టిక్‌మంటే పిన్ను కదులుతున్నట్టు! చప్పుడు లేదా? మార్చేయండి! రబ్బరు పైపునీ నొక్కి చూడండి. గట్టిపడి చిట్లితే అదీ మార్చాల్సిందే. బోరు పని మాట ఆ తర్వాత!

రైలింజన్‌కీ ఈ తిప్పలున్నాయి! నిడదవోలు జంక్షన్‌లో డీజిల్ ఇంజన్లు గుర్రుమన్న రోజులు గుర్తున్నాయా? డబ్ల్యూడీఎం-2కి 16 సిలిండర్లు! దాని క్రాంక్‌కేస్ ఆవిర్లను లాగేయడానికి ఏకంగా ఓ కరెంటు మోటారే పెట్టారు!

ఓడల్లో అయితే ప్రాణాలే పోయాయి! 1947లో 'రేనా డెల్ పసిఫికో' అనే ఓడలో క్రాంక్‌కేస్‌లోని ఆయిల్ ఆవిరి అంటుకుని పేలింది. 28 మంది చనిపోయారు!

కొత్తరకం ఇంజన్లలో ఇంకో వింత! డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు 200 బార్ దాకా ఒత్తిడితో నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది! ఇంటేక్ వాల్వుల్ని పెట్రోలు తాకనే తాకదు. కడిగే దిక్కు లేక, వచ్చిన ఆయిల్ ఆవిరిలో కొంత వాటి మీదే మసిగా పేరుకుంటుంది!

అందుకే కొందరు ఆ ఆవిరి వెళ్లే పైపు మధ్యలో ఆయిల్ క్యాచ్ క్యాన్ అనే డబ్బా పెట్టిస్తున్నారు. ఖాళీ డబ్బా దండగ! లోపల జాలీ ఉంటేనే ఆయిల్ చుక్కలు విడిపోయి అడుగుకి చేరతాయి. అప్పుడప్పుడూ వంపేయాలి, మరిచిపోవద్దు! డబ్బాలోంచి వచ్చే పైపు మళ్లీ ఇంటేక్‌కే కలవాలి. "బయటికి వదిలేద్దాం" అంటే ససేమిరా ఒప్పుకోకండి! బీఎస్-6 కారు క్రాంక్‌కేస్‌లోంచి గాల్లోకి ఎంత గ్యాస్ వదలొచ్చో తెలుసా? 0!