నీవు చేయు పని ఏమిటి?



హసన్‌పర్తిలో మన సంఘ సహోదరుడొకరు ఏండ్ల తరబడి రాళ్ల క్రషర్‌లో పనిచేసి, దగ్గుతో మంచము పట్టినారు. క్షయ అనుకొని మందులు వాడినారు, దగ్గు తగ్గలేదు. చాలా కాలానికి ఒక డాక్టరుగారు “నీవు చేయు పని ఏమిటి?” అని అడిగినారు. అప్పుడు తెలిసినది, అది రాతిదుమ్ము వలన వచ్చు సిలికోసిస్ అని. పాడైన ఊపిరితిత్తులు తిరిగి బాగుపడవు. ముందే గుర్తించి దుమ్ముకు దూరము చేయవలెను.

ఈ ప్రశ్నను రోగులందరిని అడుగవలెనని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే తన గ్రంథములో వ్రాసెను.

ఆ సహోదరుని కుమార్తె ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. ముగించి హౌస్‌సర్జన్ చేయుచున్నది. రేడియాలజీకి వెళ్లి అప్పు తీర్చమని బంధువులు, కార్మికుల జబ్బులు చదువవలెనని ఆమె. “ఎట్లు దరఖాస్తు చేయాలి, అయ్యగారూ?” అన్నది.

విచారించి చెప్పితిని. నీట్ పి.జి. వ్రాసి కమ్యూనిటీ మెడిసిన్‌లో మూడేండ్ల ఎం.డి. చేయవచ్చును. లేదా ఎ.ఎఫ్.ఐ.హెచ్. అను మూడు నెలల కోర్సు కలదు. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల దానిని నేర్పుదురు. ఇంటర్న్‌షిప్ ముగియు తేదీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ముందే సరిచూసుకొనవలెను.

“అప్పు మాటేమిటి?” అని తల్లి అడిగినది. నా యొద్ద జవాబు లేదు.

మంచము మీదనుండి తండ్రి దగ్గుచునే అన్నారు: “పోనీయండి అయ్యగారూ. నన్ను ఆలస్యముగా అడిగినారు. ఇది ముందుగా అడుగుతది.”