బూర లౌడ్‌స్పీకర్లు: గృహమున మంద్రధ్వని



పూర్వకాలపు గ్రామఫోను పెట్టెలోనుండి వెలువడిన పాట ఇంటిలోనివారికే గాక వీథియరుగుమీద కూర్చుండినవారికి గూడ వినవచ్చెడిది. దానిలో విద్యుచ్ఛక్తి లేదు, యాంప్లిఫయరు లేదు. సూదికొన రికార్డు గాడిలో కదలును, ఆ కదలిక ఒక పలుచని రేకును వణకించును, అంతియే. ఆ రేకునకు ముందున్న బూరను ఊడదీసినచో పాట దోమరొద వలె సన్నగిల్లిపోవును. బూర తనంతట తాను రవంత శక్తినైనను పుట్టింపజాలదు. ఐనను ధ్వనిని పెంచినది. ఇది యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నవాడు లౌడ్‌స్పీకరును కొనుటయందు గాని, స్వయముగా నిర్మించుకొనుటయందు గాని, తన ధనమును, తన గదిలోని చోటును వ్యర్థము చేసికొనడు. విశేషించి మంద్రధ్వనుల విషయమున ఈ జ్ఞానము మిక్కిలి యవసరము. నేటి ప్రసంగమున కదియే విషయము.

మొదట కష్టమెక్కడ నున్నదో చూతము. చేతిని నీటిలో ఆడించి, పిదప గాలిలో ఆడించి చూడుడు. నీటిలో చేతికి ఎదురు తగులును, గాలిలో తగులదు. ఎదురులేనిచోట ఎంత బలము చూపినను జరుగు పని స్వల్పము. లౌడ్‌స్పీకరునందలి కాగితపు కోనునకు కలుగు కష్టము సరిగా ఇట్టిదే. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 344 మీటర్లు పోవును. సెకండునకు 40 కంపనములుగల మంద్రస్వరమునకు తరంగదైర్ఘ్యము 8.6 మీటర్లగును. 12 అంగుళముల కోను దానియెదుట ఏపాటిది? అది త్రోసిన గాలి కుదించుకొనుటకు మారుగా ప్రక్కలకు తప్పించుకొని పోవును. అందుచేత అంతే బలముగల ధ్వనిని ఒక స్థాయి క్రిందికి దింపి పలికింపవలెనన్న, కోను నాలుగు రెట్లు దూరము ఊగవలెను; రెండు స్థాయిలు దింపినచో 16 రెట్లు. అంతదూరము ఊగునపుడు తీగచుట్ట అయస్కాంతపు సందును దాటి వెలికివచ్చును, స్వరము చెడును. సామాన్యమైన లౌడ్‌స్పీకరు పుచ్చుకొన్న విద్యుచ్ఛక్తిలో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ధ్వనియగును. తక్కినదంతయు వేడిమియై పోవును.

బూర ఈ కష్టమును తీర్చు విధము మన పల్లెలలోని ఏతమును తలచుకొన్నచో తేటపడును. ఏతపు మ్రానుమీద నడచువాడు ఇరుసుదగ్గర కొలది అడుగులే కదలును. దూరమున నున్న కొన ఎంతో ఎత్తునకు లేచి దిగును. బరువైన మనుష్యుని కొలది కదలిక, తేలికైన బాన పెద్ద కదలికగా మారుచున్నది. బూర కంఠమువద్ద గాలికి ప్రక్కదారి లేదు; కావున కోనునకు గట్టి ఎదురు తగులును. అది కొంచెమే కదలి, ఎక్కువ ఒత్తిడిని కలుగజేయును. ఆ ఒత్తిడి క్రమక్రమముగా విచ్చుకొను గొట్టములో పోయి, నోటివద్ద అల్పమైన ఒత్తిడితో అధికమైన గాలిని కదల్చును. బాగుగా నిర్మింపబడిన బూర నూటికి 20 పాళ్లవరకు గూడ శక్తిని ధ్వనిగా మార్చగలదు. కోను ఊపు తగ్గుటచేత స్వరమునకు శుద్ధియు హెచ్చును. నిజమునకు బూరయొక్క ముఖ్యగుణము బిగ్గరగా పలుకుట కాదు, శ్రమపడక పలుకుట.

నాగస్వరమునకు క్రిందినోరు విచ్చుకొనియుండుట అనుభవముచే కలిగిన నేర్పు. దీనికి గణితమును సమకూర్చినవారు తరువాత వచ్చిరి. అమెరికాలో వెబ్‌స్టరు అను భౌతికశాస్త్రవేత్త 1914లో చదివి, 1919లో ప్రకటించిన వ్యాసమున బూరలో ధ్వని నడచు తీరునకు సమీకరణమును చూపెను. 1924లో హన్నా, స్లెపియన్ అనువారు లౌడ్‌స్పీకర్లకు తగిన బూర ఎట్లుండవలెనో వివరించిరి. మరుసటి సంవత్సరమే, అనగా 1925లో, రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు బూరలేని కోను లౌడ్‌స్పీకరును ప్రకటించిరి. నేటి గృహములలోని పెట్టెలన్నియు దాని సంతతియే. బూర సినిమాహాళ్ల తెరవెనుకకు చేరెను. ఆ కాలపు యాంప్లిఫయర్లు కొలది వాట్లే ఇచ్చుచుండెను గనుక, వేయిమంది వినదగిన ధ్వనికి బూర తప్ప వేరు గతి లేకుండెను.

ఇక నిర్మాణమునకు వత్తము. ఎక్కువగా వాడబడు బూర, సమానమైన దూరములలో వైశాల్యము రెట్టింపగుచు పోవునది. ఈ రెట్టింపు దూరము ఎంత పొడవైనదో బూర అంత మంద్రమునకు దిగును. లెక్క సులభము: సెకండునకు ఎన్ని కంపనములవరకు దిగవలెనో ఆ సంఖ్యతో 19ని భాగించినచో, రెట్టింపు దూరము మీటర్లలో వచ్చును. 40 కంపనములకు ఇది సుమారు 47 సెంటీమీటర్లు. అంతకంటె త్వరగా విచ్చుకొను బూర, ఎంత పెద్దదైనను, ఆ స్వరమును పలుకదు. ఆ హద్దు దిగువన గాలి కోనునకు ఎదురునిలువదు. కోను వట్టినే ఊగి దెబ్బతినును. కావున హద్దునకు దిగువనున్న ధ్వనులను యాంప్లిఫయరునకు ముందే వడగట్టివేయుట మంచిది.

రెండవ నియమము నోటికి సంబంధించినది. బహిరంగమున వ్రేలాడు బూర నోటి చుట్టుకొలత హద్దుస్వరపు తరంగదైర్ఘ్యమంత యుండవలెను. 40 కంపనములకు చుట్టుకొలత 8.6 మీటర్లు, వ్యాసము 2.7 మీటర్లు, వైశాల్యము సుమారు 5.9 చదరపు మీటర్లు. ఇంతటి నోరు ఏ ఇంటిలో పట్టును? నోటిని కుదించినచో ధ్వని అచ్చటనుండి వెనుకకు మరలి కంఠమునకు కొట్టుకొనును. అపుడు కొన్ని స్వరములు హుంకరించును, కొన్ని మ్రింగబడును. అంతట ఏ పాటకైనను ఒకటే గుమగుమ. చిన్న బూరలకు వచ్చిన అపకీర్తి చాలవరకు దీనివలననే.

ఇందుకు ఉపాయము గదిమూల. నేల ఒకటి, గోడలు రెండు, ఈ మూడును కలిసినచోట ధ్వని వ్యాపించుటకు ఆకాశమునందు ఎనిమిదవ పాలు మాత్రమే మిగులును. కావున నోరును ఎనిమిదవ పాలైన చాలును, 5.9 చదరపు మీటర్లు 0.74 అగును. 1930 తరువాతి దశకమున ఇంగ్లండులో పాల్ వోయిట్ అను ఇంజనీరు మూలలో నిలుపు గృహపు బూరను నిర్మించెను. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1941లో చిన్నకొలతల మంద్రపు బూరనుగూర్చి వ్యాసము ప్రకటించి, 1946లో అర్కాన్సా రాష్ట్రమున హోప్ అను చిన్న పట్టణములో వ్యాపారము నారంభించెను. ఆయన లౌడ్‌స్పీకరులో 15 అంగుళముల కోను పెట్టెలోపల దాగియుండును. మడతలు పడిన గొట్టము వెనుకకు తెరచుకొనును. గదిగోడలే బూరయొక్క కడపటి భాగమగును. ఇంటిని వాద్యములో చేర్చుకొన్న యుక్తి యిది. ఆయన 2002లో గతించిరి గాని ఆ నిర్మాణము నిలిచినది.

ఇప్పుడు మీకు మిక్కిలి ఉపయోగపడు లెక్కను చెప్పెదను. 12 అంగుళముల కోనునకు తగినట్లు కంఠము 500 చదరపు సెంటీమీటర్లనుకొని, బూరను మూలలో నిలుపుదము. హద్దు 40 కంపనములైనచో పొడవు 184 సెంటీమీటర్లు, లోపలి పరిమాణము సుమారు 470 లీటర్లు. హద్దు 55 అయినచో పొడవు ఒక మీటరు, పరిమాణము సుమారు 170 లీటర్లు. 80 అయినచో పొడవు 45 సెంటీమీటర్లు, పరిమాణము 46 లీటర్లు మాత్రమే. ఒక్క స్థాయి క్రిందికి దిగుటకు పదిరెట్ల చోటు వెచ్చింపవలసి వచ్చుచున్నది చూచితిరా! కావున బూరను గీయుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న ఇది: నేను వినెడి సంగీతమునందు అన్నిటికంటె మంద్రమైన స్వరము ఏది?

ఒకటి శ్రుతిలో పాడు గాయకుని ఆధారషడ్జము సుమారు 130 కంపనములు. ఆయన తంబురాలోని మంద్రషడ్జము 65. బూర తన హద్దునకు కొంచెము పైననే బలము పుంజుకొనును గనుక, 65కు 55 హద్దు తగియుండును. కర్ణాటకసంగీతమునే వినువానికి 170 లీటర్ల బూర చాలును. పాశ్చాత్యుల పెద్దవాయులీనముయొక్క అడుగుతీగ 41 కంపనములకు దిగును. చర్చి ఆర్గనులోని పదియారడుగుల గొట్టము 33కు దిగును. వీనిని కోరువాడు గదిలో బీరువాయంతటి చోటును వదలుకొనుటకు సిద్ధపడవలెను. ఎవరో 40కు దిగిరని మనమును దిగవలెననుట, వినని స్వరమునకు అద్దె చెల్లించుట వంటిది.

వడ్రంగిపనియందు నాలుగు జాగ్రత్తలు వలయును. గొట్టమును మడవవచ్చును, మంద్రధ్వనుల తరంగములు పొడవైనవి గనుక మడతలను లెక్కచేయవు. హెచ్చుస్వరములు మాత్రము మడతలలో చిక్కుపడును. కావున మడత బూరను సుమారు 400 కంపనములవరకే పలికించి, ఆపైని వేరు బూరకు గాని, కోనుకు గాని అప్పగింపవలెను. రెండవది, కోను వెనుకనున్న అర మూయబడియుండవలెను. దానిలోని గాలియొక్క స్ప్రింగుగుణము హద్దువద్ద కంఠములోని గాలి బరువును సరితూచును. ఆ అర కొలత తప్పినచో అడుగుస్వరములు బలహీనపడును. మూడవది, పలకలు దళమైన ప్లైవుడ్డుతో చేసి, లోపల అడ్డుబద్దలు వేయవలెను. పలక వణకినచో దాని ధ్వనియే వినవచ్చును. నాలుగవది, అతుకులలో సూదిసందైనను ఉండరాదు. మూలలో నిలుపు బూరకు గోడకును మధ్యనున్న సందు కూడ ఇట్టిదే.

గదినిగూర్చియు ఒక మాట. 4.3 మీటర్ల పొడవుగల గదిలో 40 కంపనముల స్వరము గోడలమధ్య నిలిచి, గోడలవద్ద బలముగను, నడుమ పలుచగను వినవచ్చును. మూలలోనున్న లౌడ్‌స్పీకరు ఇట్టి నిలుకడ తరంగముల నన్నిటిని లేపును. వినువాడు గది నట్టనడుమ కూర్చుండక, కొంచెము ఇటునటు జరిగి చూచుకొనవలెను. మన ఇండ్లలో మూలకు ఆనుకొని తలుపుండుట సాధారణము. తలుపున్న మూల బూరకు మూల కాదు.

ఇన్ని చిక్కులుండగా బూర నేటికిని అవసరమా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1954లో ఎడ్గర్ విల్చర్ మూసిన చిన్నపెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి, చిన్నపెట్టెతో లోతైన మంద్రమును సాధించెను. 1961లో ఆస్ట్రేలియాలో థీల్, తరువాతి దశకమున స్మాల్, రంధ్రముగల పెట్టెలకు నమ్మదగిన లెక్కలు సమకూర్చిరి. యాంప్లిఫయరు శక్తి నేడు చవుక. కావున చిన్నగదిలో, మితమైన ధ్వనితో వినువానికి పెట్టె లౌడ్‌స్పీకరే తగినది. ప్రకృతి నియమము ఒక్కటే: చిన్న పరిమాణము, లోతైన మంద్రము, అధికమైన ఫలము, ఈ మూడింటిలో రెండింటినే కోరవచ్చును; మూడవదానిని వదలుకొనక తప్పదు. పెట్టె ఫలమును వదలుకొన్నది. బూర పరిమాణమును వదలుకొన్నది. మూడును ఇచ్చెదనను వర్తకుని మాట నమ్మదగినది కాదు.

రెండు మంచి మూలలు, విశాలమైన గది, కొలది వాట్ల యాంప్లిఫయరు గలవాడు బూరను నిర్మించుకొన్నచో మృదంగపు దెబ్బ ఎంత సహజముగా, శ్రమలేకుండ వచ్చునో వినగలడు. అట్టి వసతి లేనివాడు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. కొయ్య కొనుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. ఇప్పుడున్న లౌడ్‌స్పీకరును గోడకు దూరముగా నేలమీద నుంచి ఒకసారి, గోడనానించి ఒకసారి, మూలలో ఒకసారి, అదే పాటను అదే మట్టున వినుడు. మంద్రము మెట్టుమెట్టుగా బలపడుట మీకే తెలియును. పలువురకు ఆ ఖర్చులేని మార్పే చాలును. చాలనివారు కొలబద్దతో గదిని కొలిచి, 19ని భాగించి, ఇంటివారితో ఆలోచించి మొదలుపెట్టవలెను. మంద్రధ్వని గోడలనుగూడ దాటిపోవును గనుక, రాత్రివేళ పొరుగింటివారి నిద్రయు ఈ లెక్కలో చేర్చుకొనదగినదే.