పది నిమిషాల్లో తగ్గిపోయిందా? అసలు ప్రమాదం అక్కడే!

మైత్రీవనంలో క్లాసు అయిపోయింది. హాస్టల్‌కి నడుస్తూ ఇంటికి వీడియో కాల్ చేశారు. నాయనమ్మ మాట ముద్దగా వస్తోంది. మూతి ఓ పక్కకి లాగినట్టుంది. మీరు కంగారుపడేలోపే మామూలైపోయింది. ‘ఏం కాలేదు నాన్నా, నీరసం అంతే’ అంది. మీరూ హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేశారు.

అదిగో, పొరపాటు అక్కడే!

అది మినీ స్ట్రోక్ కావచ్చు. డాక్టర్లు టీఐఏ అంటారు. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి, కాసేపటికి దానంతటదే తొలగిపోతుంది. అందుకే చాలామందిలో లక్షణాలు గంటలోపే పోతాయి. కానీ గడ్డకి కారణమైన జబ్బు లోపలే ఉంటుంది. అసలు పక్షవాతం ముప్పు తర్వాతి 48 గంటల్లోనే ఎక్కువ. వెంటనే చికిత్స మొదలుపెడితే ఆ ముప్పు 80 శాతం దాకా తగ్గిందని 2007లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు.

వీడియో కాల్‌లోనే చూడొచ్చు

- నవ్వమనండి: మూతి వంకర పోతోందా?
- రెండు చేతులూ ఎత్తమనండి: ఒకటి జారిపోతోందా?
- ఒక వాక్యం చెప్పమనండి: మాట తడబడుతోందా?

ఉన్నట్టుండి ఒక కన్ను కనిపించకపోవడం, ఒక పక్క తిమ్మిరి, నడుస్తూ తూలిపోవడం కూడా హెచ్చరికలే.

ఏం చేయాలి?

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, తగ్గిపోయినా సరే, ఇంటి దగ్గరున్న వాళ్లతో 108కి ఫోన్ చేయించండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమనండి. ఎన్నింటికి మొదలైందో రాసిపెట్టుకోండి. లక్షణాలు తగ్గకపోతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. స్కాన్ కాకుండా సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వొద్దు. నీళ్లు కూడా తాగించొద్దు, గొంతులో అడ్డం పడొచ్చు. షుగర్ ఉంటే ఒకసారి చెక్ చేయండి, షుగర్ పడిపోయినా ఇలాగే ఉంటుంది. పసరు మందుల కోసం తిరుగుతూ టైమ్ పోగొట్టుకోవద్దు.

మైత్రీవనంలో ఉన్నవాళ్లకి పంజాగుట్ట నిమ్స్ దగ్గరే. మరి మీ ఊరికి దగ్గర్లో సీటీ స్కాన్ ఎక్కడుంది? ఈ రాత్రే కనుక్కోండి. ఆ పేరు, నంబర్ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టి పిన్ చేయండి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకుందో లేదో కూడా అడగండి. ‘తిన్నావా’ అని రోజూ అడుగుతాం కదా, దాంతో పాటే!