కిటికీ ఏసీ అమరిక: మూడు జాగ్రత్తలు

వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న నరసాపురంలో వేసవి బాధకు ఎండ ఒక్కటే కారణం కాదు. గాలిలోని తేమ చెమటను ఆరనివ్వదు. 1902లో విల్లిస్ కారియర్ అమెరికాలో ఒక ముద్రణాలయం కోసం రూపొందించిన ఏసీ లక్ష్యం కూడా తేమను అదుపు చేయడమే. చల్లని కాయిల్‌ను తాకిన తేమ నీరుగా మారుతుంది. అందుచేత ఏసీ అమర్చేటప్పుడు మొదట ఆ నీటికి దారి చూడాలి.

1. వాలు: పెట్టె వెనుకభాగం ముందుభాగం కంటే కొద్దిగా దిగువకు ఉండాలి. ఎంత అన్నది ఏసీతో వచ్చిన పుస్తకంలో చూసి, తాపీమేస్త్రులు వాడే రసమట్టంతో సరిచూసుకోవాలి. వాలు లోపలికి ఉంటే నీరు గోడలోకి, స్విచ్ బోర్డులోకి దిగవచ్చు.

2. ఆధారం: ఒకటిన్నర టన్నుల పెట్టె దాదాపు 50 కిలోలు ఉంటుంది. ఒక్కరే ఎత్తకూడదు. బరువు కిటికీ చట్రంపై కాక, గోడకు బిగించిన ఇనుప బ్రాకెట్లపై పడాలి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. రంగు వేసి, ఏటా పరిశీలించాలి.

3. విద్యుత్తు: టన్ను అంటే పెట్టె బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని తొలగించే సామర్థ్యం. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల సాకెట్ దీనికి చాలదు, వేడెక్కి కాలిపోవచ్చు. 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ, ఎర్తు తప్పనిసరి. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైనది ఎర్తు పిన్ను. ఎర్తు లేనప్పుడు లోపల తీగ పెట్టెకు తగిలితే, ముట్టుకున్నవారి ప్రాణం పోవచ్చు. పెట్టెను మీరు అమర్చుకోవచ్చు. మీటరు నుంచి తీగ లాగే పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ముసురు రోజుల్లో ఏసీ నుంచి బయటికి ఎక్కువ నీరు కారడం లోపమా? కారణం వివరించండి.