గోదాంలో తాత్కాలిక అడ్డుగోడ: వడ్లు పక్కకి నెడతాయి, జాగ్రత్త!

నవార, మైసూరు మల్లిగ కలవకుండా మధ్యలో రేకు నిలబెట్టా. రేకు వంగింది, రెండూ కలిసిపోయాయి. ఒక్క గింజా విత్తనానికి పనికిరాలేదు.

రాశి పోసిన వడ్లు పక్కకి నెడతాయి. రాశి ఎత్తు రెట్టింపైతే గోడను నెట్టే బలం దాదాపు నాలుగింతలు! అందుకే రేకు, ప్లైవుడ్ నమ్మొద్దు.

మూతి కుట్టిన నిండు బస్తాలతో గోడ కట్టండి. చెక్కల మీద, అడుగున రెండు బస్తాల వెడల్పు, పైన ఒకటి. ఇటుకల్లా అతుకులు తప్పించి పేర్చాలి. గింజలు కలవకుండా రెండు వైపులా టార్పాలిన్ కప్పండి.

వడ్లు రెండు పక్కలా సమానంగా పోయండి, మోకాలెత్తు దాటొద్దు. తీసేటప్పుడు ముందు వడ్లు, తర్వాతే బస్తాలు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పేర్చే పద్ధతి వీడియోలో ఉంది, చూడండి.